తమ్ముడు ఎలా చనిపోయాడో తెలియాలి... కానీ ఈ నోట్‌బుక్‌ని ఏం చేయను?

ప్రశ్న: కోస్తా జిల్లాలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ఇరవై ఏడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. పేరు, ఊరు, యూనివర్సిటీ ఏవీ రాయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

ఆమె తమ్ముడు ఎమ్మెస్సీ రెండో ఏడాది చదివేవాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపేయడం, మెస్ బిల్లులు పెంచడం మీద క్యాంపస్‌లో జరిగిన రిలే దీక్షల్లో ముందున్నాడు. ఒకరోజు పోలీసులు అతన్నీ, మరో ఇద్దరినీ 'కౌన్సెలింగ్' అని స్టేషన్‌కి తీసుకెళ్లి రాత్రి బాగా పొద్దుపోయాక వదిలారు. ఆ తర్వాత రెండో రోజు తెల్లవారుజామున హాస్టల్ భవనం పక్కన పడి ఉన్నాడు. 'మీవాడు మేడ మీంచి జారిపడ్డాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, రండి' అని వార్డెన్ ఫోన్. వీళ్లు వెళ్లేసరికి అబ్బాయి మార్చురీలో ఉన్నాడు. అక్కడే ఎవరో రాసిపెట్టిన కాగితం మీద తండ్రి చేత సంతకం పెట్టించారు. 'మా అబ్బాయి మరణం విషయంలో మాకు ఎవరి మీదా అనుమానం లేదు' అని అందులో ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. వాళ్లలో పూడ్చడమే ఆచారం కాబట్టి మర్నాడు ఊళ్లో పూడ్చారు. ఐదు వారాలు అయింది.

పోలీసులు అనుమానాస్పద మృతి కింద కేసు రాశారు. ఎస్సై మాత్రం 'ఆత్మహత్యేనమ్మా, ప్రెషర్‌లో ఉన్నాడు' అని నోటిమాటగా చెబుతున్నాడు. విద్యార్థి సంఘం వాళ్లు ఇది హత్యేనని పోస్టర్లు వేశారు. సిట్టింగ్ జడ్జితో విచారణ కావాలి, సీబీఐకి ఇవ్వాలి, సమాధి తవ్వించి రీ పోస్ట్‌మార్టం చేయించాలి అని అడుగుతున్నారు. ఇంకోపక్క స్థానిక నాయకుడొకాయన ఇంటికొచ్చి, గొడవ ఇంతటితో ఆపితే పది లక్షలు ఇప్పిస్తాను, అమ్మాయికి అవుట్‌సోర్సింగ్‌లో ఉద్యోగం చూస్తాను అన్నాడు. తండ్రి కౌలు రైతు, మీద అప్పులున్నాయి. 'పోయినోడు ఎట్టాగూ రాడు, ఉన్నోళ్లం బతకాలి గదా' అంటున్నాడు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉత్తరంలో చెప్పారు. తమ్ముడి రూమ్మేట్ తెచ్చిచ్చిన బ్యాగులో అతని ఫోన్, ఒక నోట్‌బుక్ ఉన్నాయి. నోట్‌బుక్‌లో 'నిద్ర పట్టట్లేదు', 'ఇక నావల్ల కాదు' లాంటి మాటలున్నాయి. మూడు నెలల కిందటి మానసిక వైద్యుడి మందుల చీటీ కూడా ఉంది. అదే నోట్‌బుక్ చివరి పేజీల్లో, వచ్చే వారం దీక్ష శిబిరానికి ఎవరెవర్ని పిలవాలో జాబితా ఉంది. ఫోన్‌లో, దీక్ష మానకపోతే సంగతి చూస్తామని రెండు వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. సంఘం నాయకుడికి నోట్‌బుక్ సంగతి రూమ్మేట్ ద్వారా తెలిసి, 'చించెయ్ అక్కా, అది బయటపడితే కేసు పోతుంది' అన్నాడట. 'ఇస్తే నా తమ్ముణ్ణి నేనే పిరికివాణ్ణి చేసినట్టు. దాస్తే అబద్ధం మీద నిలబడి న్యాయం అడిగినట్టు. ఏం చేయమంటారు?' అని అడిగారు.

సమాధానం: ముందు నోట్‌బుక్ సంగతి తేల్చేద్దాం. దాన్ని చించకండి, కాల్చకండి, ఒక్క పేజీ కూడా తీయకండి. మీ ఉత్తరం మొత్తంలో నేను ఇంత గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మిగతావన్నీ మీ ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవలసినవి.

సాక్ష్యాన్ని మాయం చేయడం నేరం. అది అక్క చేసినా నేరమే. నేరం మాట పక్కన పెట్టినా, ఆ నోట్‌బుక్ ఉందని మీకు తెలుసు, రూమ్మేట్‌కి తెలుసు, సంఘం నాయకుడికి తెలుసు. మందుల చీటీ రాసిన డాక్టర్ దగ్గర రికార్డు ఉంటుంది, మందులు కొన్న షాపులో బిల్లు ఉంటుంది. రేపు అవతలివాళ్ల వకీలు వీటిని కోర్టులో బయటపెడితే, 'ఈ కుటుంబం నోట్‌బుక్కే మాయం చేసింది, ఇక ఆ వాయిస్ మెసేజ్‌లు నిజమైనవని ఎలా నమ్మాలి?' అంటాడు. జడ్జి ఆ మాట వింటారు. ఆ సంఘం నాయకుడు మీ మంచికే చెప్పి ఉండొచ్చు. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడి సలహాకి జైలు భయం మీ నెత్తిన పడుతుంది, అతని నెత్తిన కాదు.

ఇక మీరు భయపడుతున్నది, ఆ నోట్‌బుక్ కేసుని చంపేస్తుందని. నాకు అలా అనిపించడం లేదు. మీరు రాసిన వివరాలు మళ్లీ చదవండి. నిద్ర పట్టని కుర్రాడు డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. బాగుపడాలనుకున్నవాడే వెళ్తాడు. అందులో పిరికితనం ఏముంది? అదే పుస్తకంలో వచ్చే వారం కార్యక్రమం రాసుకున్నాడు. అదే సమయంలో అతనికి బెదిరింపులు వచ్చాయి, రాత్రిదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఇవన్నీ ఒక మనిషి జీవితంలో ఒకేసారి ఉండొచ్చు. మందులు వాడుతున్నవాణ్ణి ఎవరూ తోయలేరా? బెదిరింపులు వచ్చిన మనిషి తనంతట తానే కుంగిపోలేడా? చీకట్లో మేడ మీద కాలు జారలేదా? వీటిలో ఏది జరిగిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఎస్సైకీ తెలియదు, పోస్టర్ వేసినవాళ్లకీ తెలియదు. తెలియనప్పుడు తెలుసుకోవలసిన బాధ్యత దర్యాప్తు చేసేవాళ్లది.

మీరు చిక్కుకున్నది ఇక్కడే అనుకుంటున్నాను. హత్య అని నిరూపించగలిగితేనే న్యాయం అడిగే హక్కు ఉంటుందనీ, ఆత్మహత్య అని తేలితే ఇక అడగడానికి ఏమీ మిగలదనీ మీ చుట్టూ ఉన్నవాళ్లంతా మిమ్మల్ని నమ్మించారు. పోలీసులూ అదే లెక్కలో మాట్లాడుతున్నారు, సంఘమూ అదే లెక్కలో మాట్లాడుతోంది. చట్టం లెక్క వేరు. ఎవరో చంపారని తేలితే హత్య. బెదిరించి, వేధించి చావుకి పురికొల్పారని తేలితే అదీ నేరమే, భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే దాన్ని రుజువు చేయడం కష్టం. ఆ చావుకి దగ్గరి కారణం ఫలానావారి చర్యే అని చూపించాలని కోర్టులు అడుగుతాయి. ఈ మాట మీకు ముందే చెప్పడం మంచిది. మేడకి పిట్టగోడ సరిగ్గా లేకపోవడం లాంటిదేదైనా ఉంటే నిర్లక్ష్యం కింద వస్తుంది. ఏ దారిలో వెళ్లినా అసలు ఎఫ్ఐఆర్, దర్యాప్తు జరగాలి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఎఫ్ఐఆర్ లాగే కనిపించే వేరే కాగితం. నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్, అంటే పాత సీఆర్పీసీలో 174, కింద రాసే కేసులో మనిషి పైకి కనిపించే ఏ కారణంతో చనిపోయాడో చూడటం వరకే పని. శవ పంచనామా, పోస్ట్‌మార్టం, తహసీల్దారుకో ఆర్డీవోకో ఒక నివేదిక. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే విచారణ దానిలోకి రాదు. 1975లోనే మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. చాలా కుటుంబాలు నెలల తరబడి 'కేసు నడుస్తోంది కదా' అనుకుంటూ ఉంటారు. అక్కడ నడిచేది ఏమీ ఉండదు.

మీకు బాగా దగ్గరగా వచ్చే తీర్పు 2025 మార్చిలోది. 2023లో ఢిల్లీ ఐఐటీలో ఇద్దరు విద్యార్థులు హాస్టల్ గదుల్లో చనిపోయి కనిపించారు. పోలీసులు ఆత్మహత్యలని ఇలాంటి ప్రాథమిక విచారణతోనే ఫైలు మూసేశారు. తల్లిదండ్రులు తమ పిల్లల్ని కులం పేరుతో వేధించారని, హత్య కావచ్చని ఫిర్యాదు చేస్తే ఎఫ్ఐఆర్ రాయలేదు. ఢిల్లీ హైకోర్టు కూడా కాదంది. సుప్రీంకోర్టు మాత్రం, తల్లిదండ్రుల ఫిర్యాదులో నేరం కనిపిస్తున్నప్పుడు ఎఫ్ఐఆర్ రాసి తీరాలి, నిజమా కాదా అన్నది దర్యాప్తు తర్వాత తేలే సంగతి అని చెప్పి కేసు రాయించింది. విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో టాస్క్‌ఫోర్స్ వేసింది కూడా ఆ తీర్పులోనే. అదే ఏడాది జూలైలో విశాఖపట్నం కేసు వచ్చింది. నీట్ కోచింగ్ కోసం వచ్చిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి 2023లో హాస్టల్ మేడ మీంచి పడి చనిపోయింది. స్థానిక దర్యాప్తు మీద నమ్మకం లేదని తండ్రి వెళితే మన హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. ఆ తండ్రి రెండేళ్లు తిరిగాడు. తిరగగలిగాడు కాబట్టి దొరికింది అని కూడా అనుకోవాలి. తిరగలేనివాళ్ల కేసులు మనకు తెలియవు.

కాబట్టి మీరు పోరాడాలనుకుంటే మొదటి మెట్టు సీబీఐ కాదు, రాతపూర్వక ఫిర్యాదు. అందులో 'హత్య చేశారు' అని రాయనక్కర్లేదు, రాయకపోవడమే నయం. తెలిసింది తెలిసినట్టు రాయండి. ఫలానా తేదీన స్టేషన్‌కి తీసుకెళ్లారు, ఫలానా గంటకి వదిలారు, ఫలానా నంబర్ల నుంచి బెదిరింపులు వచ్చాయి, వార్డెన్ ఫోన్‌లో ఇలా చెప్పాడు, మార్చురీ దగ్గర ఇలా సంతకం తీసుకున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన సంగతి, నోట్‌బుక్ సంగతి కూడా మీరే రాయండి. మీ నోటి నుంచి వస్తే అది మీ నిజాయితీకి గుర్తు, అవతలివాళ్లు తవ్వి తీస్తే మీరు దాచినట్టు. నేరం కనిపించే ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే నాగరిక్ సురక్షా సంహిత 175(3)వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గర అఫిడవిట్‌తో పిటిషన్. ఈ మెట్లు ఎక్కకుండా నేరుగా హైకోర్టుకి పోతే, ముందు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండని వెనక్కి పంపే అవకాశం ఎక్కువ. వకీలు ఖర్చుకి భయపడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇవ్వాలి. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. ఇచ్చే వకీలు ఎలాంటివారు దొరుకుతారన్నది కొంత అదృష్టం, నచ్చకపోతే మార్చమని అడగొచ్చు.

ఆ ఫిర్యాదు మీద ఎవరు సంతకం చేస్తారు? మీరు చేయొచ్చు, నేరం గురించి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. కానీ పెళ్లికాని కొడుకు చనిపోతే హిందూ వారసత్వ చట్టం దృష్టిలో మొదటి వారసురాలు తల్లి. తర్వాత కేసు మూసేస్తున్నామని రిపోర్ట్ వేసినప్పుడు అభ్యంతరం చెప్పడానికీ, నిందితులు విడుదలైతే అప్పీలుకి వెళ్లడానికీ, ప్రాసిక్యూటర్‌కి తోడుగా సొంత వకీలుని పెట్టుకోవడానికీ తల్లి పేరు ఉంటే వాదనే రాదు. మీ ఉత్తరంలో తండ్రి మాటలున్నాయి, నాయకుడి మాటలున్నాయి, ఎస్సై మాటలున్నాయి, సంఘం మాటలున్నాయి. అమ్మ గురించి ఒకే వాక్యం ఉంది, 'అమ్మ ఏమీ మాట్లాడటం లేదు' అని. ఆవిణ్ణి ఎవరైనా ఏమైనా అడిగారా? పది లక్షల సంగతి, సమాధి తవ్వే సంగతి, నోట్‌బుక్ సంగతి ఆవిడకి తెలుసా? తట్టుకోలేదని మీరంతా దాస్తున్నారేమో. కొడుకుని మట్టిలో పెట్టిన మనిషి ఇంతకంటే ఏం తట్టుకోవాలి? నిర్ణయాలన్నీ ఆవిడ తల మీదుగా జరిగిపోతున్నాయి. నోట్‌బుక్ చూపించే ముందు పక్కన కూర్చుని మాట్లాడండి. ఆవిడ వద్దంటే అది కూడా ఒక జవాబే.

ఫోన్ సంగతి. బెంగాల్‌లో అనీస్ ఖాన్ అనే కుర్రాడి గురించి మీరు విని ఉంటారు. పౌరసత్వ చట్టం వ్యతిరేక ఉద్యమంలో ఉన్నవాడు, ఆలియా యూనివర్సిటీలో చదివినవాడు. 2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి హౌరా జిల్లా ఆమ్తాలో వాళ్ల ఇంటికి పోలీసు దుస్తుల్లో మనుషులు వచ్చారని, మేడ మీంచి తన కొడుకుని తోసేశారని తండ్రి సాలెం ఖాన్ చెప్పాడు. ఆ తండ్రి కొడుకు ఫోన్‌ని పోలీసుల చేతికి ఇవ్వనన్నాడు. అలాగని దాచుకోలేదు. కోర్టు ఏర్పాటు చేస్తే ఇస్తానన్నాడు. కలకత్తా హైకోర్టు పర్యవేక్షణలో అది ఫోరెన్సిక్ పరీక్షకి వెళ్లింది, జిల్లా జడ్జి పర్యవేక్షణలో రెండో పోస్ట్‌మార్టం జరిగింది. సీబీఐ మాత్రం దొరకలేదు, హైకోర్టు ఆ కోరికని తోసిపుచ్చింది. రాష్ట్ర సిట్ హత్య కాదని, పోలీసుల నిర్లక్ష్యం వల్ల జరిగిన చావని ఛార్జిషీటు వేసింది. కుటుంబం దాన్ని ఒప్పుకోలేదు. బెంగాల్ అంతా వీధుల్లోకి వచ్చిన కేసు అది. అంత ఊపు ఉన్నప్పుడు కూడా అడిగినవన్నీ దొరకలేదని మీకు తెలియాలి, దొరికినవి కోర్టు ద్వారా దొరికాయని కూడా తెలియాలి.

మీరు తమ్ముడి ఫోన్ ఇక తెరవకండి. మీరు ఎన్నిసార్లు తెరిస్తే అన్ని ప్రశ్నలు వస్తాయి, మెసేజ్ మీరే పెట్టుకున్నారని కూడా అంటారు. వాయిస్ మెసేజ్‌లు సంఘం గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ఎవరికి, ఎప్పుడు పంపారో రాసిపెట్టుకోండి. స్విచాఫ్ చేసి, కవర్లో పెట్టి, రూమ్మేట్ ఏ రోజు ఇచ్చాడో అతని చేత ఒక కాగితం రాయించుకోండి. పోలీసులు అడిగితే పంచనామా లేకుండా ఇవ్వకండి. నమ్మకం లేకపోతే మేజిస్ట్రేట్ పిటిషన్‌లోనే, కోర్టులో అప్పగిస్తామని రాయండి. నోట్‌బుక్‌కీ అంతే. ఫొటోకాపీ తీసుకుని ఒరిజినల్ కోర్టుకే.

వీటన్నిటికంటే తొందరగా పోయేవి కెమెరా రికార్డులు. హాస్టల్ సీసీటీవీల్లో చాలాచోట్ల కొద్ది వారాలకే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోతుంది. మీకు ఐదు వారాలు గడిచాయి, కాబట్టి ఈరోజే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కీ, ఎస్పీకీ రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఆ రెండు మూడు రోజుల హాస్టల్ ఫుటేజీ, స్టేషన్ ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని అడగండి. స్టేషన్ ఫుటేజీ విషయంలో మీ పరిస్థితి కొంచెం మెరుగు. పోలీస్ స్టేషన్లలో కెమెరా రికార్డు పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరా పనిచేయలేదని జవాబు వస్తుందేమో, వస్తే రానివ్వండి. ఆ జవాబు కూడా కాగితం మీద ఉంటే పనికొస్తుంది. ఈ ఉత్తరానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత మీరు పోరాడకూడదని నిర్ణయించుకున్నా దీనివల్ల నష్టం లేదు.

సమాధి విషయం కష్టమైనది. తవ్వడానికి మన చట్టంలో కాలపరిమితి లేదు. మేజిస్ట్రేట్ ఆదేశంతో చేయొచ్చు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసులో, పన్నెండేళ్ల తర్వాత 2019 డిసెంబర్‌లో సీబీఐ తెనాలిలో సమాధి తెరిపించింది. పూడ్చడం వల్ల మీకు ఆ దారి తెరిచి ఉంది, దహనం చేసిన కుటుంబాలకి అది లేదు. కానీ ఐదు వారాల తర్వాత మెత్తటి శరీర భాగాల్లోని గుర్తులు చాలా పోతాయి. ఎముకల్లోని దెబ్బలే ఎక్కువగా తెలుస్తాయి. అందుకని మొదటి పోస్ట్‌మార్టం రిపోర్టు, వీడియో తీసి ఉంటే ఆ వీడియో, విసెరాని, అంటే పరీక్ష కోసం తీసి ఉంచే లోపలి అవయవాల భాగాల్ని, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారా లేదా అన్నవి ముందు అడగండి. ఆ రిపోర్టుని కేసుతో సంబంధం లేని ఒక ఫోరెన్సిక్ డాక్టర్‌కి చూపించండి. గాయాల వివరాలు మేడ మీంచి పడినదానికి సరిపోవడం లేదని ఆయన అంటే, అప్పుడు రీ పోస్ట్‌మార్టం అడగడానికి బలం ఉంటుంది. ఏమీ చూడకుండా తవ్వించి, రెండోసారి కూడా అదే తేలితే మీ అమ్మానాన్న దాన్ని ఎలా మోస్తారో ఆలోచించండి. టీవీ కెమెరాల మధ్య జరిగే పని అది. సంఘం వాళ్లు దాన్ని ఒక డిమాండ్‌గా రాసుకోవడం తేలిక.

ఆ ఇబ్రహీంపట్నం కేసులో మరో సంగతి ఉంది. దోషిని పట్టుకోమని ఒత్తిడి పెరిగాక పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసేసరికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ అసలు దోషి అతను కాదనే అన్నారు. వెంటనే ఒకణ్ణి చూపించండి అని అడిగితే ఎవణ్ణో ఒకణ్ణి చూపిస్తారు. అందుకే పోస్టర్ మీద పేర్లు వేయొద్దని సంఘానికి గట్టిగా చెప్పండి. ఆ పేర్లు వేసినందుకు పరువు నష్టం కేసు మీ ఇంటికే వస్తుంది.

సంఘాన్ని దూరం పెట్టమని నేను అనడం లేదు. వాళ్లు లేకపోతే ఈ చావు నాలుగో రోజుకే ఎవరికీ గుర్తుండేది కాదు, పది లక్షల మాట కూడా వచ్చేది కాదు. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు పక్కన మనుషులు కావాలి. మీ తమ్ముడితో పాటు ఆ రాత్రి స్టేషన్‌లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లే మీకు ముఖ్యమైన సాక్షులు. వాళ్లకి పరీక్షలు, సర్టిఫికెట్లు, ఇంట్లో ఒత్తిడి ఉంటాయి. వాళ్లని కాపాడగలిగేది సంఘమే. కానీ తమ్ముడి ఫొటో ఎక్కడ వాడాలి, ఇంట్లోవాళ్ల తరఫున పత్రికలతో ఎవరు మాట్లాడాలి అన్నవి మీ ఇల్లు నిర్ణయించాలి. డిమాండ్ల సంగతికొస్తే, 'నిష్పాక్షిక దర్యాప్తు, ఎఫ్ఐఆర్, రికార్డుల భద్రత' అని మార్చుకోమనండి. నినాదంగా అంత ఊపు ఉండదు, నాకు తెలుసు. సిట్టింగ్ జడ్జి విచారణ వినడానికి బాగుంటుంది గానీ కమిషన్ నివేదిక తీర్పు కాదు. 2019 నాటి దిశ నిందితుల ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టే వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇస్తే, దాని మీద ఏం చేయాలన్నది మళ్లీ తెలంగాణ హైకోర్టుకి వెళ్లింది. ఇక సీబీఐకి ఇవ్వమనడం హైకోర్టు చేయగలదు, కానీ అరుదుగా మాత్రమే చేయాలని 2010లో సుప్రీంకోర్టు హద్దు పెట్టింది. స్థానిక పోలీసులు ఏం చేయలేదో మీరు కాగితాలతో చూపించగలిగినప్పుడే ఆ పిటిషన్ నిలబడుతుంది. పోలీసుల పాత్ర మీద మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయాలనుకుంటే ఏడాదిలోపు చేయాలి.

పోరాడకపోవడం కూడా ఒక దారే, దాన్ని ఎంచుకుంటే మీరు ద్రోహులైపోరు. ఇలాంటి కేసుల్లో కుటుంబం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతుంది, ఉద్యోగంలో సెలవులు అయిపోతాయి, ఇంట్లో మాటలు తగ్గిపోతాయి, చివరికి సంతృప్తికరమైన జవాబు దొరుకుతుందనే హామీ లేదు. హత్య కేసుకి కాలదోషం పట్టదు కాబట్టి రెండేళ్ల తర్వాత మొదలుపెట్టినా తలుపు మూసి ఉండదు. అప్పటికి ఫుటేజీ ఉండదు, ఆ ఇద్దరు కుర్రాళ్లు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు, జ్ఞాపకాలు మసకబారతాయి. ఆ తేడా తెలిసి నిర్ణయించుకోండి. మధ్యదారి కూడా ఉంది. ఇప్పుడు ఫిర్యాదు ఇచ్చి, రికార్డులు భద్రపరిచి, నోట్‌బుక్, ఫోన్ కోర్టుకి అప్పగించి, ఆ తర్వాత ఎంత దూరం వెళ్లాలన్నది ఆరు నెలలకి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం. నన్నడిగితే నేను అటే మొగ్గుతాను. ఇల్లు మీది, నాది కాదు.

ఈ మధ్యలో అమ్మకి గానీ మీకు గానీ తిండీ నిద్రా పూర్తిగా పోతే, బతకాలని లేదనే మాట ఇంట్లో ఎవరి నోట వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడు డాక్టర్ దగ్గరికి వెళ్లడాన్ని దాచాల్సిన విషయంగా చూస్తే మీరు కూడా వెళ్లరు. నాకు ఆ భయం ఉంది.

చివరిగా నాన్న. ఆయన డబ్బు కోసం కొడుకుని మర్చిపోయాడని మీకు కోపంగా ఉంది, ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. నాకు ఆయన మాటల్లో ఆ సంతకం కనిపిస్తోంది. మార్చురీ దగ్గర చదవకుండా పెట్టిన ఆ సంతకంతోనే అంతా పాడయిందని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. అంతా అయిపోయిందనుకున్న మనిషికి వచ్చినంత తీసుకోవడమే దారిగా కనిపిస్తుంది. ఆ కాగితం వల్ల కేసు మూసుకుపోదని ఆయనకి చెప్పండి. శోకంలో ఉన్నప్పుడు, ఏం రాశారో చదివి వినిపించకుండా తీసుకున్నారని ఇప్పుడు మళ్లీ వాంగ్మూలం ఇవ్వొచ్చు. కోర్టులో దాని గురించి ప్రశ్నలు అడుగుతారు, ఆయన జవాబు చెప్పుకోవచ్చు. డబ్బు విషయంలో ఒక తేడా చెప్పండి. ప్రభుత్వమో యూనివర్సిటీయో అధికారికంగా ప్రకటించే ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే కేసు హక్కు పోదు, అప్పులున్న ఇల్లు తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. 'గొడవ ఆపితే' అని వచ్చే డబ్బు వేరే రకం. హత్య కేసులో రాజీకి చట్టంలో చోటు లేదు. ఆ డబ్బుతో పాటు మళ్లీ ఒక సంతకం అడుగుతారు. రేపు అవసరమైనప్పుడు ఆ కాగితాన్ని బయటికి తీస్తారు, ఉద్యోగం మాత్రం అవుట్‌సోర్సింగ్ కాబట్టి ఎప్పుడైనా పోవచ్చు. ఆ నాయకుడు మళ్లీ వస్తే గొడవ పెట్టుకోకండి. డబ్బు ఎవరిస్తున్నారు, దేనికిస్తున్నారు అన్నది రాసి ఇమ్మనండి, వకీలుకి చూపించి చెబుతామని నాన్న చేతే చెప్పించండి.